గోపాల్‌పూర్ సముద్రం, ఇన్నేళ్ళ తరవాత

విశాఖపట్నంలో చదువుకుంటూ, సాయంత్రం నడిచి వెళ్ళగలిగినంత దూరంలో సముద్రాన్ని పెట్టుకుని, సముద్రం చూడటానికని రైలెక్కి పక్క రాష్ట్రానికి వెళ్ళినవాళ్ళం మేము. ఇంట్లో ఈ సంగతి చెబితే, "ఏం, ఇక్కడి నీళ్ళు ఉప్పగా లేవా?" అని అడిగారు. అడగవలసిన ప్రశ్నే. కాని ఇరవయ్యేళ్ళ వయసులో కావలసింది ఉత్త సముద్రం కాదు, ఇంటివాళ్ళూ మేష్టార్లూ తారసపడని సముద్రం. మా జట్టులో బరంపురం కుర్రవాడు ఒకడుండేవాడు. గోపాల్‌పూర్‌లో దొరల కాలంనాటి బంగళాలు ఖాళీగా పడి ఉంటాయనీ, కాపలా ముసలాయన చేతిలో పదో పరకో పెడితే ఒక గది తెరిచి ఇస్తాడనీ వాడు చెప్పిన మాట పట్టుకుని, 1983 సెప్టెంబరులో, వానలు ఇంకా పూర్తిగా తగ్గకముందే బయలుదేరాము.

అప్పటికి స్టేషను పేరు ఇంకా వాల్తేరే. విశాఖపట్నంగా మారింది 1987లో. అక్కడి నుంచి బరంపురానికి 277 కిలోమీటర్లు. మేమెక్కిన ప్యాసింజరు బండి విజయనగరం, ఆమదాలవలస, నౌపడా, పలాస, సోంపేట అంటూ ప్రతి స్టేషనునూ పలకరించుకుంటూ, వెనకనుంచి వచ్చే ప్రతి బండికీ దారి ఇచ్చుకుంటూ వెళ్ళింది. ఇచ్ఛాపురం దాటాక బోర్డుల మీద లిపి మారింది గాని ప్లాట్‌ఫాం మీద మాట మారలేదు. మారకపోవడంలో వింత లేదు. గంజాం జిల్లా అంతకుముందు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే రాష్ట్రంగా ఏర్పడినప్పుడు అటు చేరింది. రాష్ట్రపతిగా పనిచేసిన వి.వి. గిరి పుట్టిన ఊరు బరంపురమే. మా బరంపురం మిత్రుడు ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, కోపం వస్తే రెండూ కలిపి మాట్లాడేవాడు.

బరంపురం నుంచి గోపాల్‌పూర్‌కు 16 కిలోమీటర్ల బస్సు ప్రయాణం. ఊరు దగ్గర పడుతున్నకొద్దీ ముందుగా ఎదురైంది సముద్రం కాదు, మొగలి వాసన. రోడ్డుకు ఇరుపక్కలా, పొలాల గట్ల వెంట, ఇసుక దిబ్బల మీద, ఎక్కడ చూసినా మొగలి పొదలే. గంజాం జిల్లా తీరప్రాంతం మొగలి అత్తరుకు దేశంలోనే పెట్టింది పేరన్న సంగతి మాకు అప్పుడే తెలిసింది. వానాకాలంలో పూత జోరు మీద ఉంటుంది. బస్సు దిగిన చోటికి దగ్గరలోనే ఒక బట్టీ నడుస్తోంది. చూసి వస్తామంటే ఎవరూ కాదనలేదు. పెద్ద రాగి డేగిసాలలో నీళ్ళు పోసి, తెల్లటి పూరేకులున్న మగపూల పొత్తులను నింపి, మూతకు చుట్టూ మట్టి మెత్తి, కింద కట్టెల మంట పెట్టారు. మూతనుంచి బయలుదేరిన వెదురు గొట్టం తొట్టిలోని చన్నీళ్ళలో మునిగి ఉన్న రాగి కూజాలోకి దిగుతోంది. గొట్టానికి చుట్టిన తాడు వేడికి నల్లబడి ఉంది. పనివాడొకడు మంట దగ్గరే గొంతుకూర్చుని, గంటల తరబడి చేసే పనల్లా ఆ తొట్టిలోని నీళ్ళు వేడెక్కాయేమోనని చేత్తో తాకి చూడటమే. వేడెక్కితే ఆవిరి చల్లబడి ద్రవంగా మారదు, పూలూ కట్టెలూ రెండూ దండగవుతాయి. ఆ బట్టీలో నిలబడిన కాసేపటికే మా చొక్కాలకు పట్టిన వాసన, ఉతికినా సరే, తిరిగి వచ్చాక కూడా కొన్నాళ్ళు వదలలేదు.

ఇక ఊరు. ఊరనడానికి ఒక బజారు, కొన్ని ఇళ్ళు, ఒక దీపస్తంభం, సముద్రానికి ఎదురుగా వరసగా బంగళాలు. వాటిలో సగానికి తలుపులు లేవు. కిటికీల్లోంచి మర్రి మొక్కలు బయటికి చూస్తున్నాయి. తీరం మీద ఒకే ఒక్క పెద్ద హోటలు బతికి ఉండేది. 1914లో ఒక ఇటలీ దేశస్థుడు కట్టించిన పామ్ బీచ్ హోటలు అది. ఆ తరవాత ఒబెరాయ్‌ల చేతిలోకి వచ్చింది. దాని ప్రహరీ పక్కన నడుస్తున్నప్పుడు మేము గొంతు తగ్గించి మాట్లాడుకున్నట్టు గుర్తు. ఎందుకో మరి, లోపలివాళ్ళు మమ్మల్ని వెళ్ళగొట్టడానికి మేము లోపల కూడా లేము.

మాకు దొరికిన గదికి పైకప్పు ఉంది, అంతవరకు అదృష్టం. రాత్రంతా అలల మోత. విశాఖలో సముద్రానికి ఎదురుగా కొండలున్నాయి, మధ్యలో రాళ్ళున్నాయి, అలకు అక్కడక్కడ అడ్డం తగులుతుంది. గోపాల్‌పూర్ తీరం అలా కాదు. వాలు ఎక్కువైన ఇసుక ఒడ్డు, నీళ్ళలోకి కొద్ది అడుగులు దిగగానే లోతు. దూరంనుంచి నున్నగా వచ్చే కెరటం ఒడ్డుకు చేరువలో ఒక్కసారిగా లేచి, నిలువునా విరిగి పడుతుంది. పడిన నీళ్ళు అంతే వేగంగా వెనక్కి లాగుతాయి. మొదటి ఉదయం మేము పొలోమంటూ పరుగెత్తుతుంటే, వెదురు టోపీ పెట్టుకున్న ఒక జాలరి అడ్డం వచ్చి ఆపాడు. "ఏ ఊరు బాబూ మనది?" అన్నాడు అచ్చమైన ఉత్తరాంధ్ర యాసలో. చెప్పాము. "అయితే మరీ దిగీకండి. ఇది మీ ఇసాపట్నం అనుకుని దిగుతారు. చెయ్యి పట్టుకుని నేను దింపుతాను, మొలలోతు దాటనివ్వను, సరేనా?" అన్నాడు. సరే అన్నాము. ఆ తీరంలో సముద్రం మీద బతికేవాళ్ళలో ఎక్కువమంది తెలుగువాళ్ళే. ఒడియా, బెంగాలీ యాత్రికులు వాళ్ళను నోళియాలంటారు. తమలో తాము వాడబలిజలమని చెప్పుకుంటారు. కలకత్తానుంచి వచ్చిన కుటుంబాలను చెయ్యి పట్టుకుని అలల్లో ముంచి తీసుకురావడం వాళ్ళకు ఒక పూట పని, తెల్లవారుజామున వేట మరో పని.

పగళ్ళు మేము గడిపింది శిథిలాల మీద. తీరాన మొండి గోడలు ఉండేవి, నీళ్ళలో విరిగిన స్తంభాల వరస ఒకటి నిలబడి ఉండేది. పాత రేవు తాలూకు గోదాములనీ, ఓడల వంతెన అనీ ఎవరో చెప్పారు. విన్నాము, తల ఊపాము, గోడెక్కి కూర్చున్నాము. సిగరెట్లు కాల్చడం, పాటలు పాడటం, జీవితం అంటే ఏమిటో ఒకరికొకరు వివరించుకోవడం అన్నీ ఆ గోడ మీదే. మాలో భూగర్భశాస్త్రం చదివేవాడు మాత్రం కిందికి దిగి, అల వెనక్కి తగ్గినప్పుడల్లా తడి ఇసుకలో ఏర్పడే నల్లటి చారలను వేళ్ళతో గీరి, అరచేతిలో పోసుకుని, ఊదుతూ కూర్చున్నాడు. తెల్ల ఇసుక ఎగిరిపోయి, మెరిసే నల్ల రేణువులు, వాటి మధ్య ఎర్రటి గోమేధికం తునకలు మిగిలాయి. నల్లవి ఇల్మెనైట్ అనే ఖనిజమన్నాడు. తూర్పు కనుమల్లోని ఖోండలైట్, చార్నొకైట్ రాళ్ళు యుగాలుగా అరిగి, ఋషికుల్య వంటి నదుల్లో కొట్టుకొచ్చి సముద్రంలో చేరితే, అల తేలిక రేణువులను లాక్కుపోయి బరువైనవాటిని ఒడ్డున వదిలేస్తుందట. మా పాటకు వాడివల్ల అంతరాయం కలిగిందని తిట్టాము. ఆ ఇసుకలోంచి ఇల్మెనైట్, రూటైల్, జిర్కాన్, మోనజైట్ వేరు చేసే ప్రభుత్వ కర్మాగారం పక్కనే ఛత్రపురంలో ఆ దశాబ్దంలోనే పనిలోకి దిగింది.

తీరాన పడి ఉన్న ఒక కుట్టు పడవను కూడా అప్పుడే దగ్గరగా చూశాను. ఒక్క మేకు లేదు. పలకకూ పలకకూ నడుమ సన్న బెజ్జాలు చేసి, కొబ్బరి పీచు తాడుతో కుట్టి, కుట్టు కింద నీళ్ళు దూరకుండా ఎండుగడ్డి వత్తులు కూరారు. వేలితో నొక్కితే పలక కాస్త లోపలికి వెళ్ళి మళ్ళీ యథాస్థానానికి వచ్చింది. మేకులతో బిగించిన పడవ ఆ కెరటాల దెబ్బకు నిలువునా విడిపోతుందనీ, కుట్టు పడవ అయితే వంగి తట్టుకుంటుందనీ జాలరి చెప్పాడు. దాన్ని ఎవరూ వాడుతున్నట్టు కనిపించలేదు. పక్కన ఎండుతున్న వల కింద ఒక మేక పడుకుని ఉంది.

ఆ తరవాత దశాబ్దాల పాటు గోపాల్‌పూర్ అంటే నాకు ఖాళీ తీరం, మొండి గోడ, మొగలి వాసన. ఉద్యోగంలో విసుగెత్తినప్పుడల్లా, "ఎప్పటికైనా అక్కడికి పోయి ఒక వారం ఉండాలి" అనడం అలవాటైపోయి, మా ఇంట్లో అదొక వేళాకోళమైంది. చివరికి మొన్న డిసెంబరులో, ఆ వేళాకోళం పడలేక మా ఆవిడే టిక్కెట్లు కొన్నది.

ఈ లోపల లైనంతా విద్యుదీకరణ జరిగింది. హౌరా, చెన్నై మధ్య ఆ పని 2005 నాటికే పూర్తయింది. ఒకప్పుడు పగలంతా పట్టిన దూరాన్ని ఎక్స్‌ప్రెస్ బండి కొద్ది గంటల్లో దాటించేసింది. పలాసలో జీడిపప్పు కొనుక్కునే వ్యవధి మాత్రం ఇచ్చింది. బరంపురం ప్లాట్‌ఫాం మీద తెలుగు ఇప్పటికీ వినిపిస్తోంది, కాకపోతే మాట్లాడేవాళ్ళ తలలు నెరిశాయి, పిల్లలు ఒడియాలో బదులు చెబుతున్నారు.

గోపాల్‌పూర్‌లో దిగగానే మా ఆవిడ నా ముఖం వైపు చూసింది, ఏడుస్తానేమోనని కాబోలు. తీరం వెంట నడకదారి వేశారు. వరసగా దీపాలు, బెంచీలు, శంఖాలూ ముత్యాల దండలూ అమ్మే దుకాణాలు, బజ్జీల బండ్లు, గుర్రం మీద సవారీ చేయించే కుర్రాళ్ళు, పెళ్ళికి ముందు ఫొటోలు తీయించుకుంటున్న జంటలు. సముద్రం మోతను మించి ఒక స్పీకరు మోగుతోంది. పామ్ బీచ్ హోటలు ఒబెరాయ్‌ల నుంచి మేఫెయిర్ వారి చేతికి మారి, రంగులు వేసుకుని నిలబడింది. ఈసారి లోపలికి వెళ్ళి కాఫీ తాగాము. ఎవరూ వెళ్ళగొట్టలేదు. పాత బంగళాల్లో చాలా భాగం పోయి, వాటి స్థలాల్లో లాడ్జీలు లేచాయి. నా మొండి గోడ లేదు. నీళ్ళలోని స్తంభాలలో కొన్ని మొదళ్ళు మాత్రం, పోటు తగ్గినప్పుడు బయటపడుతున్నాయి. మొగలి వాసన కూడా లేదు గాని, డిసెంబరులో అది లేదని నొచ్చుకోవడం వేసవిలో మంచు లేదనడం వంటిది.

ఊరు పాడైపోయిందని తేల్చేసి వెనక్కి వచ్చేయడం చాలా తేలిక. నా వయసువాళ్ళు తాము చూసిన ప్రతి ఊరి గురించీ ఆ మాటే అంటుంటారు, అందులో ఒక సుఖం ఉంది. నేను కూడా ఆ మాటకు సిద్ధపడే వెళ్ళాను. ఆ సుఖం దక్కనీయకుండా చేసినవాడు పడవ పక్కన వల బాగుచేసుకుంటున్న ఒక జాలరి. వయసు నాకంటే రెండు మూడేళ్ళు ఎక్కువ ఉండవచ్చు. తెలుగులో పలకరిస్తే వల పక్కన పెట్టి, ప్లాస్టిక్ పీట ముందుకు తోశాడు. "1983లో ఇక్కడ ఎంత ప్రశాంతంగా ఉండేదో" అని నేను మొదలుపెట్టాను.

"ఉండేది బాబూ. పని లేకపోతే ప్రశాంతమే గదా" అన్నాడు.

ఎత్తిపొడుపు కాదు, మామూలుగా అన్నాడు. ఆ పైన చెప్పుకొచ్చాడు. వాళ్ళ తాత కుట్టు పడవ మీద తెడ్డు వేసేవాడు. సముద్రంలో దూరంగా లంగరు వేసిన పొగ ఓడ దాకా, విరిగిపడే కెరటాలను దాటించి, మనుషులనూ బస్తాలనూ చేరవేయడం ఆయన పని. ఓడ రంగం వెళ్ళేది. రంగం అంటే రంగూన్; ఉత్తరాంధ్రలో మా అమ్మమ్మల తరానికి ఆ మాట విడమరిచి చెప్పనక్కర్లేదు. కాకినాడ, విశాఖపట్నం, భీమిలి, కళింగపట్నం, బారువ, గోపాల్‌పూర్, ఈ రేవులన్నింటినుంచీ కోతలయ్యాక జనం ఓడలెక్కి బర్మా వెళ్ళి, బియ్యం మిల్లుల్లో, రంగూన్ రేవులో బరువులు మోసి, తిరిగి వచ్చేవారు, కొందరు రాలేదు. రంగూన్ రేవు కూలీల్లో తెలుగువాళ్ళే ఎక్కువ కావడం వల్ల 1930 మే నెలలో అక్కడ జరిగిన అల్లర్లలో దెబ్బ తిన్నదీ ఎక్కువగా వాళ్ళే. గోపాల్‌పూర్ గోదాముల్లో దించినదీ ఎక్కించినదీ ఆ వ్యాపారమే. నేను కూర్చుని జీవితం గురించి ఉపన్యసించిన గోడ వెనక ఒకప్పుడు ఓడ కోసం రోజుల తరబడి జనం మూటలతో పడుకునేవారట. 1914లో ఇటలీవాడు హోటలు కట్టిన రోజుల్లో కూడా, వరండాలో కూర్చున్న దొరలకు ఎదురుగా కనిపించింది ఏకాంత సముద్రం కాదు, కేకలూ తెడ్లూ బస్తాలూ నిండిన రేవు.

అది ఎలా ముగిసిందో చరిత్ర పుస్తకాల్లో ఉన్నదే. 1941 డిసెంబరులో రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాయి, 1942 మార్చిలో ఆ నగరం వాళ్ళ చేతికి చిక్కింది, లక్షలమంది భారతీయులు అడవుల గుండా నడిచి ఇల్లు చేరే ప్రయత్నం చేశారు. ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద కూడా బాంబులు పడ్డాయి. యుద్ధం అయ్యాక 1948లో బర్మా స్వతంత్రమైంది, పాత రాకపోకలు మళ్ళీ మొదలు కాలేదు. ఓడలు ఆగిపోయాక గోదాములతో పని లేకపోయింది. "మా నాయన కాలానికి ఆ గోడల మీద పిడకలు కొట్టేవోళ్ళం" అన్నాడు జాలరి. అంటే మేము 1983లో వెళ్ళి మురిసిపోయిన ఆ నిశ్శబ్దం ఆ తీరానికి పుట్టుకతో వచ్చినది కాదు. ఒక రేవు మూతబడ్డాక, మరొకటి రాకముందు, నడుమ మిగిలిన నలభై యాభై ఏళ్ళ విరామం అది. మేము సరిగ్గా అందులోకి వెళ్ళి పడ్డాము, దాన్నే గోపాల్‌పూర్ అనుకున్నాము. ఆ కుట్టు పడవ కూడా నాకు కళాఖండంలా కనిపించింది గాని, ఆయన దృష్టిలో అది గిరాకీ లేని సామాను. ఆయనకున్నది ఇప్పుడు ఫైబర్ బోటు, దానికొక మోటారు. ఒడ్డున నిలబడి లాగే అలవి వలకు ఒకప్పుడు ఊళ్ళో సగం మంది కావలసి వచ్చేదట. ఇప్పుడు నలుగురైదుగురు బోటెక్కి వెళ్ళి వస్తున్నారు.

"పిల్లలేం చేస్తున్నారు?" అని అడిగాను. పెద్దవాడు విశాఖ హార్బరులో మరబోటు మీద వేటకు పోతాడు, రెండోవాడు కేరళలో. చుట్టుపక్కల పల్లెల కుర్రాళ్ళయితే సూరత్. ఇది గంజాం జిల్లాలో ఎవరిని కదిపినా వినిపించే మాటే. సూరత్ మరమగ్గాల మీద పనిచేసే ఒడిశా కార్మికుల్లో అత్యధికులు ఈ జిల్లావాళ్ళే, లక్షల్లో ఉంటారు. మేము దిగిన లాడ్జిలో గది చూపించిన కుర్రవాడి అన్నలిద్దరూ అక్కడే ఉన్నారు. తనూ రెండేళ్ళు చేసి, మగ్గాల హోరుకు చెవి దెబ్బతిని తిరిగి వచ్చానని, ఇక్కడ జీతం సగమే అయినా ఇల్లు దగ్గరని చెప్పాడు. తాతలు ఓడెక్కి తూర్పుకు వెళ్ళారు, మనుమలు రైలెక్కి పడమటికి వెళుతున్నారు. నడకదారి మీద బజ్జీల బండ్లు పెరిగాయని నేను విసుక్కుంటే, ఆ బండి పెట్టుకున్నవాడికి సూరత్ వెళ్ళనక్కర లేకుండా పోయిందన్న లెక్క కూడా వేసుకోవాలి. స్పీకరు మాత్రం నేను క్షమించలేదు. అదిలేకుండా కూడా బజ్జీలు అమ్ముడవుతాయి.

మధ్యాహ్నం కొద్దిసేపు దీపస్తంభం ఎక్కనిస్తారు. మోకాళ్ళు మొర పెడుతున్నా ఎక్కాను, ఎందుకంటే మొదటిసారి వెళ్ళినప్పుడు వానకు మూసి ఉంది. పైనుంచి చూస్తే ఊరి తీరు అర్థమవుతుంది: ఒక పక్క బంగాళాఖాతం, మరో పక్క ఉప్పుటేరు, మధ్యలో ఇసుక పట్టీ మీద జాలరిపేట కప్పులు, వెనక సరుగుడు తోటలు. ఉత్తరాన కొద్ది కిలోమీటర్ల దూరంలో ఆర్జ్యపల్లి దగ్గర కొత్త రేవు. 1987లో అది మొదలైనప్పుడు సముద్రం నెమ్మదిగా ఉండే నెలల్లో మాత్రమే పనిచేసేది. ఓడలు దూరంగా లంగరు వేస్తే సరుకును బార్జీల మీద చేరవేసేవారు. జాలరి తాతగారి పని యంత్రాలతో మళ్ళీ మొదలైందన్న మాట. ఆ తరవాత ప్రైవేటు చేతుల్లోకి వెళ్ళి, రాతికట్టలు వేసుకుని, ఏడాది పొడుగునా ఓడలు నేరుగా ఒడ్డుకు వచ్చే రేవుగా మారింది.

రాతికట్ట వేస్తే ఏమవుతుందో మా భూగర్భశాస్త్రం మిత్రుడు ఆ గోడ కింద కూర్చుని అప్పుడే చెప్పాడు. ఈ తీరాన ఏడాదిలో ఎక్కువ నెలలు కెరటాలు దక్షిణంనుంచి ఏటవాలుగా వచ్చి తగులుతాయి. ప్రతి కెరటమూ కాస్త ఇసుకను ఎత్తి కాస్త ఉత్తరంగా దించుతుంది. అలా ఒడ్డు వెంట ఇసుక ఏటా ఉత్తరానికి నడుస్తూనే ఉంటుంది. మధ్యలో కట్ట అడ్డం పడితే దక్షిణాన ఇసుక పోగుపడుతుంది, ఉత్తరాన రావలసింది రాక ఒడ్డు కోసుకుపోతుంది. గోపాల్‌పూర్ ఊరు రేవుకు దక్షిణాన ఉంది. ఇంకా ఉత్తరాన ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోటికి అవతల పొడంపేట అనే జాలరి ఊరు కోతకు గురై, ఇళ్ళు కూలి, జనం లోపలికి తరలిపోయారు. నదీముఖం దగ్గర ఒడ్డు తనంతట తనే అటూ ఇటూ మారుతుంటుంది కాబట్టి తప్పంతా ఒక్క కట్ట మీద పెట్టడానికి లేదు. కాని తీరంలో ఒక చోట కట్టినదానికి మరో చోటివాళ్ళు నష్టపోవలసి రావడం నిజం.

ఆ ఋషికుల్య ఒడ్డుకే ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుంపులుగా వచ్చి గుడ్లు పెడతాయి. 1983లో మాకు ఎవరూ ఆ మాట చెప్పలేదు. శాస్త్రజ్ఞుల దృష్టికి ఆ చోటు వచ్చినదే 1994లో. 2025 ఫిబ్రవరిలో దాదాపు 7 లక్షల తాబేళ్ళు వచ్చి వెళ్ళాయి. అవి వచ్చే రాత్రుల్లో ఊరివాళ్ళు దీపాలు తగ్గించి, కుక్కలనూ నక్కలనూ తోలుతూ కాపలా కాస్తారు. డిసెంబరులో అవి ఒడ్డుకు రావు, నీళ్ళలోనే తిరుగుతుంటాయి. మేము చూసింది అలకు కొట్టుకొచ్చిన ఒక్క చచ్చిన తాబేలును. వలల్లో చిక్కి ఊపిరాడక చచ్చినవి అలా ఒడ్డుకు చేరుతుంటాయి. అది నా నడుము దాకా కూడా రాని జంతువే గాని, డిప్ప మీద అంటుకుని పెరిగిన బార్నకిల్స్ అనే గుల్లజీవులను చూస్తే ఎంత దూరం తిరిగి వచ్చిందో అనిపించింది.

తుపాను సంగతి అడగకుండానే జాలరి చెప్పాడు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తీరం దాటింది ఇక్కడే, గంటకు 200 కిలోమీటర్లు దాటిన గాలులతో. అంతకు రెండు రోజుల ముందునుంచే పోలీసులూ అధికారులూ వచ్చి ఖాళీ చేయించారు. ఒడిశా అంతటా దాదాపు పది లక్షలమందిని తరలించారు. "మమ్మల్ని బరంపురం బళ్ళో పెట్టారు. తెల్లారి నడిచి వచ్చాం. బోట్లు కొబ్బరిచెట్ల మధ్య ఉన్నాయి, చెట్లు రోడ్డు మీద ఉన్నాయి, ఇంటి కప్పు ఎక్కడుందో ఇప్పటికీ తెలీదు. మనుషులం మాత్రం ఉన్నాం బాబూ" అన్నాడు. 1999లో పారదీప్ దగ్గర తీరం దాటిన మహా తుపాను దాదాపు పదివేల ప్రాణాలు తీసింది. దానికి పన్నెండు రోజుల ముందు మరో తుపాను గోపాల్‌పూర్ దగ్గరే దాటింది. ఫైలిన్ మృతుల సంఖ్య పదుల్లోనే ఆగింది. నేను చూడాలనుకున్న సరుగుడు తోటల్లో ఎక్కువ భాగం ఆ రాత్రే నేలకొరిగి, ఇప్పుడున్నవి తరవాత నాటినవి. పాత బంగళాలు కొన్ని లాడ్జీల యజమానుల వల్ల కాక గాలివల్లనే పోయాయని కూడా అప్పుడే తెలిసింది. నిందలు పంచేటప్పుడు గాలిని మనం లెక్కలోకి తీసుకోము.

సాయంత్రం స్తంభాల మొదళ్ళ ఫొటో తీసి మా భూగర్భశాస్త్రం మిత్రుడికి పంపాను. వాడిప్పుడు హైదరాబాదులో మనవడిని బడికి తీసుకువెళ్ళే ఉద్యోగంలో ఉన్నాడు. అయిదు నిమిషాల్లో ఫోను చేశాడు. అది గోదాముల వైపు కాదనీ, మనం కూర్చున్నది ఇంకా దక్షిణంగాననీ వాదించాడు. రంగం ఓడల కథ చెబితే కాసేపు మౌనంగా విని, "ఆ ముసలాయన నెంబరు తీసుకున్నావా? కుట్టు పడవ కొలతలు ఆయనకు తెలిసి ఉంటాయి" అన్నాడు. ఇసుకలో నల్ల చారలు ఉన్నాయా అని అడిగాడు, ఉన్నాయన్నాను. మళ్ళీ పోదాం, ఈసారి నేనూ వస్తాను, మొగలి పూతకు అందేలా అక్టోబరు సెలవుల్లో పెట్టుకుందాం అన్నాడు.

"అక్టోబరు వద్దురా. ఫైలిన్ అక్టోబరు, 2018లో తిత్లీ అక్టోబరు, ఆ తొంభై తొమ్మిదివి రెండూ అక్టోబరే. నీకు పూత కావాలంటే ఆగస్టులో రా" అన్నాను.

"ఆగస్టులో మా వాడికి పరీక్షలు" అన్నాడు. మనవడి పరీక్షలకు తాత ఎందుకని అడిగితే, లెక్కలు తనే చెబుతున్నాడట. సెప్టెంబరు మొదటి వారమని ఖాయం చేసుకున్నాము. జాలరి నెంబరు నా దగ్గర ఉంది.